మూడు కిలోబైట్ల పనితనం

ప్రోగ్రామింగ్ నేర్చుకున్న ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు నల్లటి టెర్మినల్ విండో తెరిచే ఉంటారు. తెర తుడిచెయ్యమని చెబితే లోపల ప్రోగ్రాము పంపే సంకేతాల్లో ఒకటి ఇలా ఉంటుంది: ఎస్కేప్, చతురస్ర బ్రాకెట్, 2, జె. 1978 ఆగస్టులో అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ తెచ్చిన వీటీ100 టెర్మినల్‌కి కూడా ఇదే సంకేతం పంపేవాళ్లు. అమెరికా ప్రమాణాల సంస్థ ఆన్సీ పెట్టిన ప్రమాణంలోని ఆ సంకేతాలు ఇంత దూరం పాకాయంటే ఈ యంత్రం అంతగా అమ్ముడుపోవడమే పెద్ద కారణం. అమ్ముడుపోవడానికి కారణం మాత్రం పనితనమే.

టెర్మినల్ అంటే తెర, కీబోర్డు, కంప్యూటర్ దాకా ఒక తీగ. అసలు లెక్కలన్నీ ఎక్కడో ఏసీ గదిలో ఉన్న పెద్ద యంత్రం చేస్తుంది. వీటీ100లో ఇంటెల్ 8080 ప్రాసెసర్, 3 కిలోబైట్ల మెమరీ ఉన్నాయి. ఈ రోజు ఫోన్‌లో ఒక చిన్న బొమ్మకి కూడా చాలని చోటు అది. ఆ కాస్తనీ కూర్చున్నవాళ్ల కళ్లకీ వేళ్లకీ సుఖంగా ఉండేలా ఖర్చుపెట్టారు.

ముందు అక్షరం సంగతి. పిక్చర్ ట్యూబులో ఎలక్ట్రాన్ పుంజం ఎడమనుంచి కుడికి పరుగెడుతూ చుక్కలు వెలిగిస్తుంది. అడ్డగీతలో చుక్కలు వరసగా ఉంటాయి కాబట్టి పుంజం వెలుగుతూనే సాగిపోతుంది, గీత నిండుగా వస్తుంది. నిలువు గీత అలా కాదు. ప్రతి వరుసలో ఒకే ఒక్క చుక్క. పుంజం పూర్తిగా వెలిగేలోపే ఆరిపోవాలి. దాంతో నిలువు గీతలు వెలిసిపోయినట్టు కనబడతాయి. దీనికి వీటీ100 ఇంజనీర్లు చేసిన ఉపాయం, ప్రతి చుక్కనీ ఇంకో చుక్కంత పక్కకి సాగదీయడం. నిలువూ అడ్డం ఒకే కాంతితో కుదురుకున్నాయి. అక్షరాలు గీసినవాళ్లకి ఈ సాగదీత సంగతి ముందే తెలుసు, దాన్ని లెక్కలో పెట్టుకునే గీశారు. అందుకే టెర్మినల్ రోమ్ చిప్‌లో దాచిన చుక్కల్ని ఉన్నవున్నట్టు నేటి తెరమీద చూపిస్తే అక్షరాలు బక్కచిక్కి కనిపిస్తాయి. తప్పు అక్షరాలది కాదు, సగం డిజైన్ ఆ సాగదీతలో ఉండిపోయింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది స్మూత్ స్క్రోల్. మామూలుగా కొత్త వరుస వస్తే పాతవన్నీ ఒక్క గెంతున పైకి పోతాయి, చదువుతున్న చోటు చెదిరిపోతుంది. వీటీ100లో ఆ సెట్టింగు పెడితే, ఒక్కో అక్షరపు వరుసలో ఉండే పది గీతల్ని ఒక్కొక్కటిగా జరుపుతుంది. తెర 60 హెర్ట్జ్‌తో నడుస్తుంటే సెకనుకి ఆరు వరుసలు నిదానంగా పైకి సాగుతాయి. కదులుతుండగానే చదువుకోవచ్చు. ఇక్కడే చిక్కు వస్తుంది. 9,600 బాడ్ లైనుమీద కంప్యూటర్ సెకనుకి దాదాపు 960 అక్షరాలు కుమ్మరించగలదు. ఆరు నిండు వరుసలంటే 480 మాత్రమే. మిగతావి ఏం కావాలి? టెర్మినల్ తన చిన్న బఫర్ నిండుతుండగానే కంప్యూటర్‌కి ‘ఆగు’ అని ఎక్సాఫ్ పంపుతుంది, ఖాళీ అయ్యాక ‘ఇక పంపు’ అని ఎక్సాన్ పంపుతుంది. ఒక్క అక్షరం పోదు. మెమరీలో కూడా వరుసల్ని ఎత్తి మరో చోట పెట్టదు. ప్రతి వరుస చివర తర్వాతి వరుస చిరునామా ఉంటుంది, ఆ చిరునామాలు మారిస్తే చాలు. చదివేవాళ్ల కంటికి తగ్గట్టు పెద్ద కంప్యూటర్‌నే ఆపించిన ఈ ఏర్పాటుకి మించిన మర్యాద నేను ఇంకే యంత్రంలోనూ చూడలేదు.

కీబోర్డు విడిగా ఉంటుంది, ఒళ్లో పెట్టుకున్నా అడిగేవారు లేరు. మెలికల తీగ చివర హెడ్‌ఫోన్‌కి ఉండేలాంటి ఒకే పిన్ను, కరెంటూ సమాచారమూ అందులోనే. కీ నొక్కితే లోపలి చిన్న స్పీకరు టిక్కుమంటుంది, వద్దంటే ఆపుకోవచ్చు. అంతకుముందు టెర్మినల్ సెట్టింగు మార్చాలంటే చిన్న చిన్న స్విచ్చులు వెతుక్కోవాలి. వీటీ100లో సెట్-అప్ కీ నొక్కితే అన్నీ తెరమీదే మార్చుకోవచ్చు, కరెంటు పోయినా గుర్తుంటాయి. అయితే రెండో సెట్-అప్ పేజీ చాలావరకు సున్నాలు, ఒకట్ల వరుస. ఏ అంకె దేనికో చీటీ చూడకుండా తెలియదు. అది లోపమే. 1983లో వచ్చిన వీటీ220లో మాటలతో మెనూలు పెట్టి సరిదిద్దారు. బాణం కీల్ని తలకిందుల ‘టి’ ఆకారంలో పేర్చిన ఎల్‌కే201 కీబోర్డు కూడా ఆ యంత్రానికి ఉండేది. మన వేళ్ల కింద ఇప్పటికీ ఉన్నది ఆ అమరికే.

పనితనంలో ఐబీఎం 3270 టెర్మినళ్లది వేరే దారి. 1971 నుంచి బ్యాంకుల్లో, బీమా ఆఫీసుల్లో పనిచేశాయి. ఫారం మొత్తం తెరమీదికి వస్తుంది, గుమస్తా నింపుతాడు, ఎంటర్ కొట్టాక మార్చిన గడులు మాత్రమే వెనక్కి వెళ్తాయి. ఒకే మెయిన్‌ఫ్రేమ్ అంతమందిని మోయగలిగిందంటే ఆ పొదుపు వల్లే.

పాత టెర్మినళ్లని బాగుచేసేవాళ్లు ఇప్పుడు ట్యూబుకీ ముందున్న అద్దానికీ మధ్య జిగురు పాడై పట్టే మచ్చలతో కుస్తీ పడుతున్నారు. ఆ శ్రమ దండగ కాదు. పాత టెర్మినళ్లని అనుకరించే ఎమ్యులేటర్లలో సంకేతాలన్నీ భద్రంగానే ఉన్నాయి గానీ చాలావాటిలో వరుసలు ఇప్పటికీ గెంతుతూనే పైకి పోతాయి. టెర్మినల్ ప్రోగ్రాములు రాసేవాళ్లు వీటీ100 నుంచి ముందుగా తెచ్చుకోవలసింది ఆ నిదానపు స్క్రోలే.