తాళంచెవి ఉపమానం మీద ఒక ఫిర్యాదు

కవిత్వంలో అరిగిపోయిన ఉపమానం కనిపిస్తే మనవాళ్లు ఊరుకోరు. చంద్రుడితో ముఖాన్ని ఇంకోసారి పోల్చినవాణ్ణి చీల్చి చెండాడేదాకా నిద్రపోరు. అదే ఆదివారం అనుబంధంలో “హార్మోన్ తాళంచెవి, రిసెప్టర్ తాళం” అని యాభయ్యోసారి చదివినా పేజీ తిప్పేస్తారు. సైన్సు కదా, అందులో అలంకారాలేంటి అనుకుంటారు కాబోలు. నాకైతే ఆ ఉపమానాన్ని కూడా అదే గీటురాయి మీద పెట్టి చూడాలనిపిస్తుంది. దాన్ని నమ్మి మందులు మింగేవాళ్లు కవిత్వం చదివేవాళ్ల కంటే చాలా ఎక్కువమంది ఉన్నారు మరి.

పరీక్షకి న్యూక్లియర్ రిసెప్టర్లని తీసుకుంటున్నాను. పేరు చూసి అణుబాంబుల దాకా వెళ్లక్కర్లేదు, ఇక్కడ న్యూక్లియస్ అంటే కణకేంద్రకం. ఈస్ట్రోజెన్, టెస్టోస్టిరాన్, కార్టిసాల్, థైరాయిడ్ హార్మోన్, విటమిన్ డి లాంటివి కణం లోపలికొచ్చి పట్టుకునే ప్రొటీన్లు ఇవి. మనిషిలో 48 ఉన్నాయి. దాదాపు అన్నిటిదీ ఒకటే ఒడ్డూపొడుగూ: ఒక చివర హార్మోన్ కూచునే గూడు, మధ్యలో జింకుని పట్టుకుని మడతపడ్డ రెండు వేళ్లు, రెండో చివర ఏ ఆకారానికీ స్థిరంగా కట్టుబడని ఒక తోక. ఆ వేళ్లతో డీఎన్ఏని పట్టుకుని, ఏ జన్యువు ఎంత పలకాలో ఇవి నిర్ణయిస్తాయి.

వేళ్లు వెతికే మాట కూడా తమాషాగా ఉంటుంది. ఈస్ట్రోజెన్ రిసెప్టర్ వెతికేది జి-జి-టి-సి-ఎ, మధ్యలో ఏవైనా మూడు అక్షరాలు, ఆ తర్వాత టి-జి-ఎ-సి-సి. ఎదుటి పోగు మీద వెనకనుంచి చదివితే మళ్లీ అదే మాట. మన ‘వికటకవి’కి దూరపు చుట్టం అన్నమాట. రిసెప్టర్లు జంటగా వచ్చి, చెరో పోగు మీద చెరో సగాన్నీ చదువుతాయి.

ఇంతకీ తాళంచెవి ఎక్కడిది? 1894లో ఎమిల్ ఫిషర్ ఎంజైముల గురించి రాస్తూ, ఎంజైమూ అది పనిచేసే పదార్థమూ తాళం, తాళంచెవిలా అమరాలి అన్నాడు. గమనించండి, ‘లా’ అన్నాడు. అది ఉపమ. వందేళ్లలో ఆ ‘లా’ ఊడిపోయి రూపకమైంది, తర్వాత రూపకమన్న సంగతీ మర్చిపోయి నిజమైపోయింది. అలంకారశాస్త్రం తెలిసినవాళ్లకి ఇది కొత్త ప్రమాదమేమీ కాదు.

దాని పుణ్యం దానికి దక్కనివ్వాలి. 1950ల చివర్లో ఎల్వుడ్ జెన్సన్ షికాగోలో ఎలుకల మీద ప్రయోగాలు చేస్తున్నప్పుడు, ఈస్ట్రోజెన్ ఎంజైముల రసాయన చర్యల్లో పాల్గొని, తాను మారుతూ పనిచేస్తుందని అందరూ అనుకునేవాళ్లు. జెన్సన్ ట్రిటియంతో గుర్తుపెట్టిన ఈస్ట్రడయోల్‌ని ఎక్కించి చూస్తే, అది గర్భాశయంలో నిలిచిపోయింది, ఏ మార్పూ లేకుండా. తలుపు తీసినంత మాత్రాన తాళంచెవి అరిగిపోదు కదా. ఇక్కడివరకూ ఉపమానం బ్రహ్మాండంగా పనిచేసింది. రొమ్ము క్యాన్సర్ గడ్డలో ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఉందా లేదా అని చూసి వైద్యం నిర్ణయించడం ఆ దారిలోంచే వచ్చింది.

తేడా వచ్చింది టామాక్సిఫెన్ దగ్గర. 1960లలో ఒక బ్రిటిష్ కంపెనీ దీన్ని గర్భనిరోధానికని తయారుచేసింది. ఆడవాళ్లలో చూస్తే అండం విడుదలయ్యేలా చేసింది. గర్భనిరోధక మాత్రకి ఇంతకంటే అపజయం ఉండదు. చివరికి రొమ్ము క్యాన్సర్ మందుగా స్థిరపడింది, అమెరికాలో 1977లో అనుమతి వచ్చింది. ఆరోగ్యం పేజీల్లో దీన్ని “తాళంలో ఇరుక్కుపోయే దొంగ తాళంచెవి” అంటారు. అసలు తాళంచెవికి దారి లేకుండా అడ్డుపడుతుందట.

మా పిన్ని ఆ ముక్కని కత్తిరించి రిపోర్టుల ఫైల్లో పెట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక ఐదేళ్లు వాడమన్నారు. మధ్యలో ఒకసారి డాక్టర్ గర్భసంచికి స్కాన్ రాసి, ఈ మందు వల్ల లోపలి పొర మందం పెరగొచ్చు, రక్తం కనిపిస్తే వెంటనే చెప్పండి అన్నారట. “రొమ్ములో తాళం వేసే మందు గర్భసంచిలో తాళం తీస్తుందేంట్రా? వీళ్లు నాకేదో తప్పు మందు ఇచ్చారు,” అని రెండు వారాలు మాత్ర ఆపేసింది. ఆ ఉపమానాన్ని నమ్మిన మనిషికి అంతకంటే తర్కబద్ధమైన నిర్ణయం ఉండదు. పిన్ని తప్పేం లేదు. ఆవిడకి చేతికిచ్చిన వాక్యంలోనే ఆ రెండో సగానికి చోటు లేదు.

చోటు ఉండే వర్ణన ఏది? 1997, 98లలో ఈ రిసెప్టర్ గూడు స్ఫటిక చిత్రాలు వచ్చాయి. ఈస్ట్రడయోల్ గూట్లోకి వెళ్లగానే, పన్నెండో హెలిక్స్ అనే చిన్న మెలి దాని మీద మూతలా పడుతుంది. హార్మోన్ పూర్తిగా లోపల మునిగిపోతుంది. ఏ తాళమూ తన చెవిని మింగదు! మూత పడ్డాక బయట ఒక గాడి ఏర్పడుతుంది. సహాయక ప్రొటీన్లు వచ్చి తమ ల్యూసిన్లతో ఆ గాడిలో కూచుంటేనే జన్యువు పలుకుతుంది. టామాక్సిఫెన్‌కి పక్కన పొడుగాటి గొలుసు ఉంది. అది బయటికి పొడుచుకొచ్చి మూత పడనివ్వదు. మూత వెళ్లి ఆ గాడిలోనే పడుకుంటుంది. పల్లెవెలుగు బస్సులో కర్చీఫ్ వేసి సీటు పట్టుకున్నట్టు. సహాయకుడు వచ్చి చూస్తే సీటు ఖాళీ లేదు.

కానీ ఆకారం లేని ఆ తోక సంగతి? దాన్ని టామాక్సిఫెన్ ఏమీ చెయ్యలేదు. ఆ తోక కూడా సహాయకుల్ని పిలవగలదు. గర్భాశయ కణాల్లో ఎస్ఆర్‌సీ-1 అనే సహాయకుడు సమృద్ధిగా ఉంటే, టామాక్సిఫెన్ పట్టుకున్న రిసెప్టర్ కూడా జన్యువుల్ని పలికించగలదని 2002లో చూపించారు. రొమ్ము కణాల్లో ఆ బలగం అంత ఉండదు. రిసెప్టర్ అదే, మందు అదే, ఊరు వేరు. మా ఆఫీసులో “నా లాప్‌టాప్‌లో బానే నడుస్తోందే” అనే మాట రోజుకోసారైనా వినపడుతుంది. అక్కడ ఎవరూ కోడ్ ఒక్కదాన్నే చూడరు, అది నడిచే చోటునీ చూస్తారు.

నాకు దీనికంటే దగ్గరగా తోచేది పింగళి సూరన రాఘవపాండవీయం. అదే పద్యం, పదాలు ఒకలా విరిస్తే రామాయణం, ఇంకోలా విరిస్తే భారతం. టామాక్సిఫెన్ ఒక ద్వ్యర్థి. రొమ్ము కణం ఒకలా విరుచుకుంటుంది, గర్భాశయం ఇంకోలా, ఎముక కూడా తనకి నచ్చినట్టే (మెనోపాజ్ దాటినవాళ్లలో ఎముక సాంద్రతని కాపాడుతుంది, అంటే అక్కడా ఈస్ట్రోజెన్ లాగానే). నా పోలికకీ హద్దుంది. సూరన రెండర్థాలూ కావాలనే పెట్టాడు, దీన్ని తయారుచేసినవాళ్లకి ఒక్కటీ తెలీదు. పిన్నికి మాత్రం ఈ పోలికతోనే చెప్పాను, ఆవిడ తెలుగు టీచరు కాబట్టి. డాక్టర్‌ని మళ్లీ కలిసింది, మాత్ర మళ్లీ మొదలుపెట్టింది. స్కాన్లకీ వెళ్తోంది.

‘స్విచ్’ అనే పోలిక గురించి ఎక్కువ చెప్పను, అది మా ఇంజినీర్లు అంటించిన జబ్బు. ఒక్క ఉదాహరణ చాలు. థైరాయిడ్ రిసెప్టర్ హార్మోన్ కోసం ఎదురుచూస్తూ ఖాళీగా కూచోదు. హార్మోన్ లేనప్పుడు కూడా డీఎన్ఏ మీదే ఉండి, వేరే ప్రొటీన్లని పిలిచి జన్యువుల నోరు నొక్కుతుంది. థైరాయిడ్ గ్రంథి సరిగా ఏర్పడని ఒక రకం ఎలుకలు పాలు మానే వయసుకే చనిపోతాయి. వాటిలో ఆల్ఫా రకం రిసెప్టర్‌ని కూడా తీసేస్తే, బతుకుతాయి! స్విచ్ ఆఫ్‌లో ఉంటే ఏమీ జరగట్లేదని అర్థం. ఇక్కడ ఆ ఆఫే ప్రాణం తీస్తోంది.

అన్నిటికంటే నాకు మంట పుట్టించేది ‘ఆర్ఫన్ రిసెప్టర్’ అనే మాట. జన్యువుల్ని బట్టి రిసెప్టర్ దొరికి, దాని హార్మోన్ ఏదో తెలియకపోతే దానికా పేరు. తర్వాత దొరికితే ‘దత్తత అయింది’ అంటారు. 1999లో పిత్తామ్లాలు ఎఫ్ఎక్స్ఆర్‌కి తల్లిదండ్రులయ్యాయి. ముచ్చటగానే ఉంది. కానీ నర్1 అనే దాన్ని చూడండి. 2003లో దాని స్ఫటిక చిత్రం తీస్తే, హార్మోన్ కూచోవాల్సిన గూడంతా దాని సొంత అమైనో ఆమ్లాల గుబురుతోనే నిండిపోయి ఉంది. చెవి దూర్చడానికి రంధ్రమే లేదు. మధ్య మెదడులో డోపమిన్ తయారుచేసే నాడీకణాలు ఏర్పడాలంటే ఈ ప్రొటీన్ ఉండి తీరాలి. అంత పని చేస్తున్నదాన్ని, మన ఉపమానంలో ఇమడలేదని అనాథల లిస్టులో వేశారు. తెలుగులో దాని గురించి రాయాల్సి వస్తే నేనైతే ‘అనాథ’ అని రాయను. ‘స్వతంత్ర రిసెప్టర్’ అంటాను, అభ్యంతరాలుంటే కింద రాయండి.