అడిగింది ఒకటి, కావలసింది ఒకటి

లైబ్రరీ కౌంటరు దగ్గరికి వచ్చిన ఒక పాఠకుడు ‘ఆరెంజెస్ అండ్ పీచెస్’ అనే పుస్తకం కావాలన్నాడు. తోటపని పుస్తకమో, వంటల పుస్తకమో అనుకుని వెతికితే ఎన్ని అరలు గాలించినా దొరికేది కాదు. అతనికి కావలసింది చార్లెస్ డార్విన్ రాసిన ‘ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్’. ఎవరో చెప్పగా విన్న పేరు కౌంటరు దాకా వచ్చేసరికి నారింజలూ పీచు పండ్లూ అయి కూచుంది. పట్రీషియా డ్యూడ్నీ, జిలియన్ మిషెల్ అనే ఇద్దరు పరిశోధకులు 1996లో ఇలాంటి పొరపాట్ల మీద ఒక వ్యాసం రాసి, దానికి ఈ పండ్ల పేర్లే శీర్షికగా పెట్టారు.

నవ్వుకోడానికి బాగుంది గానీ, నిజానికి ఇది సులువైన చిక్కు. పేరు తప్పు చెబితే ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. పేరు సరిగ్గానే చెప్పి, కావలసింది మాత్రం చెప్పకుండా ఊరుకునేవాళ్ళతోనే లైబ్రేరియన్‌కి అసలు పరీక్ష.

గోదావరి జిల్లాల్లోని ఒక లైబ్రరీకి ఎవరో వచ్చి “ధవళేశ్వరం ఆనకట్ట మీద పుస్తకం ఏమన్నా ఉందాండీ?” అని అడిగారనుకుందాం. ప్రశ్న స్పష్టంగానే ఉంది. కానీ అడిగినవాడు ఇంజనీరింగ్ విద్యార్థి అయితే అతనికి పనికొచ్చేది గోదావరి డెల్టా కట్టడాల మీద జార్జ్ వాల్చ్ 1896లో వేసిన పుస్తకం. ఆ ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ జీవితం మీద రాయబోయేవాడైతే ఆయన కూతురు లేడీ హోప్ 1900లో తెచ్చిన జీవితచరిత్ర ఇవ్వాలి. 1847లో ఆనకట్ట పని మొదలుకాక ముందు జిల్లా ఎలా ఉండేదో తెలుసుకోవాలనుకునేవాడికి 1878 నాటి హెన్రీ మోరిస్ గ్రంథం, హెమింగ్‌వే 1907లో కూర్చిన జిల్లా గెజిటీరు అక్కరకొస్తాయి. ఏడో తరగతి పిల్లవాడికి వాల్చ్ పుస్తకం చేతిలో పెడితే మళ్ళీ లైబ్రరీ గడప తొక్కడు. వాడికి విజ్ఞాన సర్వస్వంలో ఒక పేజీ చాలు. ఇక “మా ముత్తాతగారి పొలం కాలవ కింద పోయిందటండీ, ఆ వివరం ఎక్కడన్నా ఉంటుందా” అని మనసులో పెట్టుకుని వచ్చినవాడికి పైవాటిలో ఏదీ పనికిరాదు. అతనికి కావలసింది పుస్తకం కాదు, రెవెన్యూ రికార్డు. ఇందరూ అడిగింది మాత్రం అదే ఒక్క ముక్క.

మనుషులు ఇలా ఎందుకు అడుగుతారో రాబర్ట్ టేలర్ అనే అమెరికన్ 1968లో ఒక వ్యాసంలో వివరించాడు. అవసరం మొదట మాటలకందని వెలితిగా ఉంటుంది. తరువాత మనసులో ఒక రూపు కడుతుంది. ఆ పైన చెప్పగలిగే ప్రశ్న అవుతుంది. నాలుగో మెట్టులో, ‘లైబ్రరీలో ఏది దొరుకుతుందో’ అని తనకు తాను ఊహించుకుని, ప్రశ్నని దానికి తగ్గట్టు కుదించి అడుగుతాడు మనిషి. ముత్తాత పొలం ఆనకట్ట పుస్తకంగా మారేది ఈ నాలుగో మెట్టులోనే. లైబ్రేరియన్ చెవిన పడేది అదొక్కటే కాబట్టి, అక్కణ్ణించి వెనక్కి మెట్లు దిగాలి. ఈ దిగడాన్నే వృత్తిలో రిఫరెన్స్ ఇంటర్వ్యూ అంటారు.

దిగేటప్పుడు మొదట నోట్లోకి వచ్చే మాట “ఎందుకండీ?” ఆ మాటే వద్దంటారు అనుభవజ్ఞులు. పనిమీద బయలుదేరినవాణ్ణి “ఎక్కడికి?” అని అడిగితే మన ఇళ్ళలో ఎంత చిరాకు పడతారో, లైబ్రరీలో “ఎందుకు?” కూడా అలాగే గుచ్చుకుంటుంది. తన జబ్బు గురించో, భర్తతో గొడవ గురించో చదువుకోడానికి వచ్చిన ఆవిడ ఆ ప్రశ్నకి సమాధానం చెప్పదు. “ఏం లేదులెండి” అని వెళ్ళిపోతుంది. బ్రెండా డెర్విన్, పట్రీషియా డ్యూడ్నీ 1986లో దీనికో దారి చూపించారు. కారణం అడగవద్దు, సందర్భం అడగండి అన్నారు. “ఇప్పటిదాకా ఏమేం చూశారు? ఎక్కడ ఆగిపోయింది? ఇది దొరికితే దేనికి వాడుకుందామని?” ఇలాంటి ప్రశ్నలకు అవునూ కాదూ అని తేల్చేసే వీలుండదు. అవతలివాళ్ళు ఎంత చెప్పదలచుకుంటే అంతే చెబుతారు. అడిగేది కూడా పక్క బల్లకి వినపడకుండా అడగాలి. మన శాఖా గ్రంథాలయాల్లో పేపరు చదివేవాళ్ళందరూ కౌంటరు చుట్టూనే కూచుంటారు కదా!

ఈ పనికి వయసు తక్కువేమీ కాదు. 1876లో మసాచుసెట్స్‌లోని వూస్టర్ నగర గ్రంథాలయానికి చెందిన శామ్యూల్ గ్రీన్, పాఠకుడికీ లైబ్రేరియన్‌కీ మధ్య మాటామంతీ ఎలా ఉండాలో ఒక వ్యాసంలో రాశాడు. కొనకుండా బేరం వెనక్కి పోతే దుకాణదారు ఎంత బాధపడతాడో, జవాబు లేకుండా పాఠకుడు వెళితే లైబ్రేరియన్ అంత బాధపడాలన్నది ఆయన వాదం.

మన వైపు ఈ విద్యకి పునాది వేసింది ఎస్.ఆర్. రంగనాథన్. లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తొలి లైబ్రేరియన్‌గా చేరి, అక్కడి ఒంటరితనం భరించలేక మళ్ళీ పాఠాలు చెప్పుకుంటానని పాత కళాశాలకు వెళ్ళి మొరపెట్టుకున్నాడు. ముందు లండన్ వెళ్ళి చదువుకుని రమ్మన్నారు. వెళ్ళి వచ్చాక ఆయన లైబ్రరీని వదల్లేదు. 1931లో ప్రకటించిన అయిదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి కాలం వృథా కాకూడదన్నది. ఇది వినడానికి చిన్నదే కానీ, రిఫరెన్స్ సేవ అంతా దాని మీదే నిలబడింది. అప్పటికప్పుడు తేలే ప్రశ్నలనీ, రోజుల తరబడి వెతకాల్సిన ప్రశ్నలనీ ఆయన విడదీశాడు. రెండూ ఒకే క్యూలో నిలబడితే రెండోరకం ఎప్పటికీ తేలదు. తరువాతి కాలంలో ఆయన విషయాన్ని అయిదు కోణాలుగా విప్పే పద్ధతి పెట్టాడు. ప్రధాన వస్తువు, పదార్థం, క్రియ, స్థలం, కాలం. అది పుస్తకాల వర్గీకరణ కోసం పుట్టినా, కౌంటరు దగ్గర భేషుగ్గా పనిచేస్తుంది. “వరదల్లో పంట నష్టం” అని ఎవరైనా అంటే ఏ పంట, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్న మూడు ఖాళీలు వెంటనే కనిపిస్తాయి. 1986 ఆగస్టు గోదావరి వరదా, 1977 నవంబరు దివిసీమ ఉప్పెనా అని తేలాక గాని ఏ పత్రికల కట్ట దించాలో తెలియదు.

ప్రశ్న తేలింది. ఇక వెతకాలి. ఇక్కడ కావలసింది ఏ గ్రంథం ఎక్కడ ఆగిపోతుందో తెలియడం. కొమర్రాజు లక్ష్మణరావు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మహత్తరమైన ప్రయత్నమే, కానీ ఆయన పోయేనాటికి అది ‘అ’కారం దాటలేదు. అందులో గోదావరి కోసం చూడమని పంపితే పాఠకుడికి ఒక పూట దండగ. నాగలి భాగానికి మీ ఊళ్ళో ఏమంటారు, మా ఊళ్ళో ఏమంటారు అనే ప్రశ్నకు సూర్యరాయాంధ్ర నిఘంటువు కంటే భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన వ్యవసాయ వృత్తిపదకోశం దగ్గరి దారి. చేనేత మాటలకు 1971 నాటి రెండో సంపుటం ఉంది. కంప్యూటర్ కేటలాగులోనైతే ఇంకో తిప్పలు. గురజాడ ఇంటిపేరును ఇంగ్లిషులో జే అక్షరంతోనూ రాస్తారు, జెడ్ అక్షరంతోనూ రాస్తారు. ఒకదానితో వెతికి “లేదండీ” అనేసే లైబ్రేరియన్ సగమే వెతికినట్టు.

తేదీల సంగతి మరీ విచిత్రం. “మా తాతగారు రక్తాక్షిలో పుట్టారటండీ, మాఘమాసంలో. ఇంగ్లిషు తేదీ కావాలి.” అరవై ఏళ్ళకోసారి తిరిగొచ్చే పేరు కాబట్టి అది 1864లో మొదలైన రక్తాక్షి కావచ్చు, 1924లోది కావచ్చు, 1984లోది కావచ్చు. అడిగినావిడ వయసు చూస్తే 1924 అని ఊహించవచ్చు. కానీ ఉగాదితో మొదలయ్యే ఏడాదిలో మాఘం చివరికి వస్తుంది, కనుక వెతకాల్సింది 1925 మొదటి నెలల్లో. తిథి కూడా తెలిస్తే ఆనాటి పంచాంగం తీసి రోజు తేల్చవచ్చు. భూమి కాగితాలైతే ఫసలీ అనే రెవెన్యూ సంవత్సరంలో ఉంటాయి. 590 కలిపితే అది మొదలైన ఇంగ్లిషు సంవత్సరం వస్తుందని అందరికీ తెలుసు. మద్రాసు వైపు ఫసలీ జూలైలో మొదలైతే నిజాం రాజ్యంలో అక్టోబరులో మొదలయ్యేదన్నది మాత్రం చాలామంది మరచిపోతారు. కృష్ణకు ఈ ఒడ్డున ఆగస్టు నెల కాగితం ఒక ఫసలీలో ఉంటే, ఆ ఒడ్డున అదే నెల కాగితం ఇంకో ఫసలీలో ఉంటుంది.

జవాబు చేతిలో పెట్టగానే పని అయిపోయిందనుకునేవాళ్ళే ఎక్కువ. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో 1983లో మామూలు పాఠకుల్లా మనుషులను పంపి ప్రజా గ్రంథాలయాలను పరీక్షిస్తే, సరైన జవాబులు 55 శాతమే వచ్చాయి. సిబ్బందికి శిక్షణ ఇచ్చిన చోట్ల తరువాత అది 75 దాటింది. పుస్తకాలు పెంచినందువల్ల కాదు, మాట్లాడే తీరు మారినందువల్ల. అన్నిటికంటే గట్టిగా పనిచేసింది చివర్లో అడిగే ఒక్క మాట: “మీరడిగినదానికి పూర్తిగా జవాబు దొరికిందాండీ?” ఖర్చు లేని పని. అయినా మన దగ్గర చాలా చోట్ల తలుపు తీసేదీ, పుస్తకాలిచ్చేదీ, పేపర్లు సర్దేదీ ఒక్కరే అయినప్పుడు, ఆ మాట అడిగే తీరిక ఎక్కడిదని కూడా చూడాలి. గ్రంథాలయ పన్ను కట్టే ప్రజలు భవనాల గురించి అడిగినట్టు ఈ ఉద్యోగాల గురించి అడగరు.

ఈ మధ్య కొత్త రకం పాఠకుడు వస్తున్నాడు. చేతిలో రచయిత పేరు, శీర్షిక, సంపుటం, పేజీ అంకెలతో సహా ఒక పట్టిక ఉంటుంది. అది కృత్రిమ మేధ కల్పించి ఇచ్చిన పట్టిక, అందులో సగం పుస్తకాలూ పత్రికా వ్యాసాలూ లోకంలో లేవు. “లేదు” అంటే లైబ్రరీ చేతకానితనం అనుకుంటాడు. అందుకని ఆ పత్రిక ఆ ఏడాది ఎన్ని సంచికలు వచ్చిందో, ఆ సంపుటంలో ఆ పేజీలో నిజంగా ఏముందో తీసి చూపించాలి. లేనిదాన్ని లేదని రుజువు చేయడం ఉన్నదాన్ని వెతకడంకన్నా ఎక్కువ సమయం తింటుంది.

ఉన్నది ఇంకోచోట ఉంటే పంపడంలోనూ పద్ధతుంది. ముత్తాత పొలం కోసం వచ్చిన పెద్దాయనకి “ఆర్కైవ్స్‌లో అడగండి” అంటే చెప్పనట్టే. ఆ జిల్లా 1953 వరకు మద్రాసు రాష్ట్రంలో ఉండేది కాబట్టి పాత కాగితాలు కొన్ని ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయనీ, నిజాం రాజ్యపు ఊరైతే హైదరాబాదు తార్నాకలోని ఆర్కైవ్స్‌లో చూడాలనీ, అక్కడ ఉర్దూ, పార్సీ చదవగలిగినవాళ్ళు తోడు కావాలనీ చెప్పాలి. బయలుదేరే ముందు ఊరి పేరు, అప్పటి తాలూకా పేరు, వీలైతే ఫసలీ ఒక కాగితం మీద రాసి చేతికివ్వాలి. తాలూకా పేరు లేకుండా వెళితే అక్కడ మొదట అడిగేది అదే.