పెరట్లో దిష్టిబొమ్మ

మా గ్యారేజీలో చీపుర్ల పక్కన ఆరడుగుల కర్ర ఒకటి ఆనించి ఉంటుంది. కొసన ప్లాస్టిక్ తల, దానికో చిన్న వల. ఇలాంటి వలకర్రలతో బంతిని పట్టి, విసిరి గోల్ చేసే లాక్రోస్ ఆటలో డిఫెండర్లు పట్టే పొడుగు స్టిక్ అది. ఎవరో వాడి వదిలేసినదాన్ని చవగ్గా కొన్నాను. మేరీల్యాండ్ వచ్చి పదహారేళ్లయినా ఈ ఆట నేను ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. కానీ కర్ర మాత్రం నాదే. మంచు లేని ప్రతి శనివారం సాయంత్రం దాన్ని పట్టుకుని పెరట్లో నిలబడి, మా అబ్బాయి చేతిలో ఓడిపోవడం మూడేళ్లుగా నా ఉద్యోగం.

అంతకుముందు ఆ ఉద్యోగం ఒక నారింజరంగు ప్లాస్టిక్ కోన్ చేసేది. మావాడు దాని మీదికి పరుగెత్తుకొచ్చి, స్టిక్ పొడుగంత దూరం ఉందనగా కుడికాలు బలంగా తొక్కి, స్టిక్‌ని కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చి, ఎడమపక్క నుంచి దూసుకుపోయేవాడు. డిఫెండర్‌ని ఇలా తప్పించుకుపోవడాన్ని స్ప్లిట్ డాడ్జ్ అంటారు. నెలరోజుల్లో బాగానే పట్టుబడింది. ఆ తర్వాత కోచ్ రెండు డాడ్జ్‌లు కలిపి చేయమన్నాడు. స్ప్లిట్ చేసి, వెంటనే రోల్. అంటే ఎడమకు పోతూ పోతూ కాలు నిలదొక్కుకుని, డిఫెండర్‌కి వీపు పెట్టి, గిర్రున తిరిగి మళ్లీ కుడికి. కోన్ ముందు అదంతా ముచ్చటగా చేసేవాడు, తాళం తప్పని జతిలాగా. మ్యాచ్‌లో చేయబోతే మాత్రం ఎదుటి డిఫెండర్ ఉన్నచోటు నుంచి కదల్లేదు. వీడు ఒక్కచోటే మూడు మెలికలు తిరిగాడు. ఈలోగా పక్క డిఫెండర్ వచ్చి గుద్దాడు. బంతి ఒక దిక్కు, మావాడు ఒక దిక్కు.

ఇంటికొచ్చే దారిలో కారు కిటికీలోంచి బయటికి చూస్తూ, చాలాసేపటికి ఒక్క మాటన్నాడు. ‘కోన్ దేన్నీ నమ్మదు కదా నాన్నా.’

ఆ వారమే నేను కర్ర కొన్నాను.

మేరీల్యాండ్ వాళ్లకి ఈ ఆటంటే ఎంత పిచ్చో చెప్పాలి. ఈ రాష్ట్రానికి అధికారిక క్రీడ జౌస్టింగ్, గుర్రమెక్కి ఈటెతో ఆడే ఆట. 1962 నుంచీ అదే. దాన్ని తీసేయలేక, 2004లో లాక్రోస్‌ని అధికారిక ‘జట్టు క్రీడ’గా పక్కన చేర్చారు. మా వీధిలో అయితే గుర్రం ఒక్కటీ లేదు, లాక్రోస్ గోల్ వలలు మాత్రం నాలుగిళ్లలో ఉన్నాయి.

ఆటలో గెలుపు గురించి గెలిచేవాడు చెబుతాడు. ఎదురుగా నిలబడి ఓడేవాడికి తెలిసేవి వేరు. మొదటి నెలంతా నేను కోన్ కంటే అధ్వాన్నం. మావాడు స్టిక్ పైకెత్తి గోల్‌కి విసరబోయినట్టు చేస్తే నా కర్ర దానంతటదే పైకి లేచేది. మరుక్షణం వాడు చేయి మార్చకుండానే స్టిక్‌ని ముఖం ముందు నుంచి అటుపక్కకి లాగి దాటిపోయేవాడు. ఇది ఫేస్ డాడ్జ్. దీనికి పడిపోయేది కళ్లూ చేతులూ. స్ప్లిట్ డాడ్జ్‌కి పడేది కాళ్లు. వాడు ఎడమకు తిరగ్గానే అటువైపు కాలు వెనక్కి వేసి, నడుము తిప్పి, వాడితో సమంగా పరుగెత్తాలి. ఒకసారి నడుము అటు తిరిగిందా, ఇక ఇటు తిప్పడం నలభై ఏడేళ్ల మనిషి వల్ల కాదు. పదిహేడేళ్ల డిఫెండర్‌కే కష్టం. సరిగ్గా అప్పుడే రోల్ వస్తుంది. నా ఒంటి బరువంతా వాడు లేనివైపు ఒరిగిపోయి ఉంటుంది.

అప్పుడర్థమైంది నాకు. స్ప్లిట్‌కి నేను చేసింది తప్పు కాదు. ఏ కోచ్‌నడిగినా అలాగే కాలు వెనక్కి వేసి పరుగెత్తమంటాడు. నేను సరిగ్గా చేసిన పనిని పట్టుకునే వాడు నన్ను ఓడించాడు.

తెనాలి పక్క మా ఊరి బడి ఆవరణలో చెడుగుడు ఆడిన ఒళ్లు నాది. కూతకెళ్లినవాడు మూలవాడి ముందు కాలు చాపుతాడు. మూలవాడు మడమ మీదికి దూకుతాడు. కాలు వెనక్కి పోతుంది, చెయ్యి వీపు మీద పడుతుంది, వాడు అవుట్. కానీ ఆ కాలు ఉత్తుత్తిగా అల్లంత దూరంలో చాపితే మూలవాడు నవ్వి ఊరుకుంటాడు. దొరికిపోయేంత లోపలికి చాపాలి. పట్టుబడ్డా పట్టుబడొచ్చు అన్నంత నిజంగా.

మావాడి రోల్‌లో లోపం అక్కడే ఉందని నేను కనిపెట్టడానికి రెండో ఏడు రావాల్సొచ్చింది. అప్పటికి నేనూ కాస్త ఆరితేరాను. స్టిక్‌ని చూడటం మానేసి వాడి నడుముని చూడటం నేర్చుకున్నాను. స్టిక్ అబద్ధం చెబుతుంది, భుజాలు చెబుతాయి, తల చెబుతుంది. నడుముకి మాత్రం అబద్ధమాడటం చేతకాదు. మీదికి దూకకుండా, ఒక్కో అడుగు వెనక్కి ఇస్తూ, కర్ర కొసతో వాడి కింది చేతిని పొడుస్తూ ఉండేవాణ్ని. స్ప్లిట్ చేసేవాడు, నేను కదిలేవాణ్ని కాదు. రోల్ చేసేవాడు, తిరిగి చూస్తే ఎదురుగా నేనే.

‘నువ్వు కదలడం లేదు నాన్నా!’ అని విసుక్కున్నాడు.

‘నువ్వు నిజంగా వెళ్తుంటే కదా నేను కదిలేది!’

వాడి స్ప్లిట్ రోల్ కోసం చేసే స్ప్లిట్. ఎడమకు రెండడుగులు మొక్కుబడిగా వేసి, మనసంతా కుడిపక్క పెట్టుకునేవాడు. తలుపు తట్టి, తీసేలోపే పారిపోయే పిల్లాడిలా. ఆ సాయంత్రం ఒక షరతు పెట్టుకున్నాం. ప్రతి స్ప్లిట్‌నీ గోల్ దాకా వెళ్లిపోయేలా చేయాలి. నేను అడ్డం పడితేనే రోల్. అడ్డం పడకపోతే రోల్ లేదు, నేరుగా వెళ్లిపోవడమే. అంతే, నా బతుకు దుర్భరమైపోయింది. కదలకపోతే మొదటిదానికే పోయేవాణ్ని, కదిలితే రెండోదానికి.

ఆ రోల్ దగ్గర కాసేపు ఆగాలి, ఎక్కువ ఖరీదు పడేది దానికే. వీపు తిప్పిన ఆ క్షణం మైదానం కనపడదు. సాయానికి ఉరికొచ్చే రెండో డిఫెండర్, ఆట భాషలో స్లైడ్, సరిగ్గా ఆ గుడ్డి క్షణంలో మీద పడతాడు. పైగా తిరిగేటప్పుడు స్టిక్ నిటారుగా, ముఖం ముందు, ఒంటికి కరుచుకుని తిరగాలి. వెనకాల వేలాడిందా, నాలాంటివాడు కూడా కర్రతో ఒక్క దెబ్బ వేసి బంతి రాల్చేయగలడు. అందుకే మూడో డాడ్జ్ అంటే నాకు గిట్టదు. రెండింటికీ దాటలేకపోతే బంతి పక్కవాడికి ఇచ్చేయాలి.

చేతులు మార్చే ఈ విద్య ఇంత విరివిగా రావడానికి స్టిక్ కూడా ఒక కారణం. ఆటను పుట్టించిన ఉత్తర అమెరికా మూలవాసుల్లో హోడెనొషోనీ జనం హికరీ కర్రను వంచి చేసే స్టిక్‌లో తల ఒకపక్క చెక్క, రెండోపక్క తోలూ నరాల అల్లిక. కుడిచేతివాటానికి వేరు, ఎడమచేతివాటానికి వేరు. 1970లో బాల్టిమోర్ కంపెనీ ఎస్‌టీఎక్స్ ప్లాస్టిక్ తలకు పేటెంట్ తీసుకున్నాక రెండువైపులా ఒకేలా ఉండే తల వచ్చింది, ఏ చేత్తో పట్టుకున్నా ఒకటే అయింది. హోడెనొషోనీలకు ఇది సృష్టికర్త ఇచ్చిన ఆట, రోగం నయం కావడానికి కూడా ఆడతారు. మా మోకాళ్లకు మాత్రం ఆ గుణమేమీ కనిపించలేదు.

రాత్రిళ్లు ఇద్దరం పాత వీడియోలు చూస్తాం. 2001 నుంచి 2004 దాకా సిరక్యూస్ విశ్వవిద్యాలయానికి 22 నంబరు జెర్సీతో ఆడిన మైకీ పావెల్ అంటే మావాడికి ప్రాణం. కాలేజీ ఆటలో అత్యున్నతమైన టెవారటన్ అవార్డు రెండుసార్లు, 2002లో, 2004లో, గెలిచినవాడు. మావాడు అతని చేతులు చూస్తాడు. నేను ఎదుటివాడి కాళ్లు చూస్తాను. పాపం, ఎంత బుద్ధిగా, ఎంత సరిగ్గా వేస్తారో ఆ అడుగులు!

1904లో, 1908లో ఒలింపిక్స్‌లో పతకాలకు ఆడిన ఈ ఆట 2028లో లాస్ ఏంజెలిస్‌లో మళ్లీ వస్తోంది. జట్టుకు ఆరుగురు ఆడే చిన్న మైదానం పద్ధతి. అందులో పొడుగు స్టిక్‌లు ఉండవట, డిఫెండర్లవీ పొట్టివే. మావాడు ఈ సంగతి నాకు చాలా సంతోషంగా చెప్పాడు.

పోయిన శనివారం చీకటి పడుతుండగా చివరి ఆట. వాడు ఎడమకు తిరిగాడు. రోల్ వస్తుందని నాకు గట్టి నమ్మకం. కాళ్లు భూమిలో పాతుకుని, కుడిపక్కకి కర్ర చాచి కాచుకున్నాను. రాలేదు. వాడు ఎడమపక్క నుంచే వెళ్లిపోయాడు, పోతూ పోతూ విసిరాడు. అయిదు ఔన్సుల గట్టి రబ్బరు బంతి గోల్ పైకడ్డీకి తగిలి, ఎగిరి, పక్కింటి కంచె అవతల పడింది. ఏదో పగిలిన చప్పుడు.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వాడు పక్కింటి గుమ్మం వైపు ఒక అడుగు వేశాడు. నేను నమ్మి గ్యారేజీ వైపు తిరిగాను. అంతే, వెనక్కి చూసేసరికి వాడు ఇంట్లోకి దూరి తలుపేసుకున్నాడు. కర్ర చేత్తో పట్టుకుని నేనే వెళ్లి బెల్లు కొట్టాను.