కాడ తుద వఱకు

ఆర్ద్ర కార్తెలో నాలుగు వానలు కురిసి, పిదప ఒకనాడు ఎండ కాచి ఉక్కపోసినచో, మఱునాటి వేకువకు పుట్ట చుట్టును తెల్లని గొడుగులు లేచునని మా మేనత్త చెప్పెడిది. మన్యపు పల్లెలో పుట్టి పెరిగిన ఆమెకు శాస్త్రనామములు తెలియవు గాని, ఏ గొడుగును పైపైన త్రుంచి బుట్టలో వేసికొనుట మాత్రము ఎఱుగదు. కాడ వెంబడి వ్రేలు దింపి, కొడవలి మొనతో మన్ను తొలగించుచు, జానెడైనను మూరెడైనను అది ఎచట పుట్టినదో చూచిన పిమ్మటనే పెకలించెడిది.

ఆమె వెదకుచున్నదేమో నాకు చాల కాలమునకు గాని బోధపడలేదు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోజర్ హైమ్ 1942లో టెర్మిటోమైసిస్ అని పేరిడిన ప్రజాతి యది. చెదలు ఎండుటాకులను, పుల్లలను నమిలి, నేల లోపల స్పంజి వంటి తెట్టెలు కట్టి, వానిపై ఈ శిలీంధ్రమును పెంచును; కఱ్ఱలోని కఠినపదార్థమును అది మెత్తబఱుపగా, చెదలు దానిని తిని బ్రతుకును. వానకారున ఆ తెట్టె నుండియే కాడ బయలుదేరి, గొడుగు నడినెత్తి నున్న మొనతో మంటిని చీల్చుకొని వెలికి వచ్చును. ఇంతటి చుట్టఱికమును మన పూర్వులు పుట్టగొడుగను ఒక్క మాటలో నిలిపిరి. గడ్డిపై పెంచినదానిని, అంగడిలో అమ్మెడి బటన్ రకమును గూడ నేడు ఆ పేరుతోనే పిలుచుట నాకు కష్టముగనే తోచును.

అయినను పుట్ట చెంత మొలచినంత మాత్రమున నమ్మరాదు. అమనైటా జాతులలో ప్రాణాంతకములైనవి కలవు. కాడ మొదట సంచి వంటి తొడుగు వాని గుర్తు. పైపైన త్రుంచినచో ఆ సాక్ష్యము మంటిలోనే ఉండిపోవును. పురుగు తిన్నది మనకును పథ్యమే యనుట, వండిన విషము విఱుగుననుట నమ్మదగినవి కావు. ఆ విషము ఉడికినను చావదు, తిన్న ఆఱుగంటలకు పైబడి గాని తన ఉనికి తెలుపదు, అప్పటికే కాలేయమును పట్టి యుండును.

నేను నేర్చిన మఱియొక పరీక్ష రాత్రంతయు పట్టును. కాడ కోసి, మొప్పలు క్రిందికి వచ్చునట్లు గొడుగును సగము నల్లని, సగము తెల్లని కాగితముపై ఉంచి, గిన్నె బోర్లించినచో, తెల్లవాఱునప్పటికి సిద్ధబీజములు రాలి ముద్ర పడును. పుట్టలోనిదానికి లేత గులాబివన్నె, అమనైటాకు తెలుపు. ఒకమాఱు పెరటి పచ్చికలో మొలచిన నిండు తెల్లని గొడుగు బూడిద కలసిన ఆకుపచ్చని ముద్ర వేసినది. తిన్నవారికి తీవ్రమైన వాంతులు కలిగించు క్లోరోఫిల్లమ్ అది. ఆ కాగితమును అత్తకు చూపగా, ఆమె దాని వంక చూడక, "కాడ ఏదిరా?" అని అడిగినది.