గళ్లూ సున్నలూ

పెద్దపేగులో వందల కొద్దీ పాలిప్స్ పుట్టే వంశాలను గుర్తించడం తేలిక. ఒక్కరి పేగు చూస్తే చాలు. అమెరికన్ వైద్యుడు హెన్రీ లించ్ ఎదుర్కొన్న వంశపారంపర్య పేగు క్యాన్సర్ రకం అలాంటిది కాదు. ఆ రోజుల్లో రోగిని ఎంత పరీక్షించినా వంశం జాడ కనపడేది కాదు. కాగితం మీద కుటుంబం మొత్తాన్ని గీస్తేనే కనపడేది. అందుకే ఆయన వంశపటాలంటే నాకు అంత ఇష్టం.

ఈ కథ ఆయనకంటే ముందే మొదలైంది. 1895లో మిషిగన్ పాథాలజిస్ట్ ఆల్డ్రెడ్ వార్తిన్‌తో, ఆయనకు బట్టలు కుట్టే ఆమె తన దిగులు చెప్పుకుంది: మావాళ్లంతా కడుపులోనో పేగులోనో గర్భసంచిలోనో క్యాన్సర్‌తో పోతున్నారు, నేనూ అంతే. చిన్న వయసులోనే గర్భాశయ క్యాన్సర్‌తో పోయింది కూడా. ఆమె మాట పట్టుకుని వార్తిన్ ఆ వంశాన్ని వెతికి, 'కుటుంబం జి'గా 1913లో ప్రచురించాడు. నన్నడిగితే ఈ శాస్త్రంలో తొలి పరిశోధకురాలు ఆమే.

1962లో ఒమాహాలో లించ్‌కూ అలాంటి మనిషే తగిలాడు. మావాళ్లలాగే పేగు క్యాన్సర్‌తో ఎలాగూ పోతాను, అందుకే తాగుతున్నానన్నాడు. లించ్ పనితనం ఇక్కణ్నించి చూడాలి. బంధువులు 'కడుపులో గడ్డ' అంటారు. అది జీర్ణాశయమా, పేగా, అండాశయమా? మరణ పత్రాలు, పాథాలజీ రిపోర్టులు తెప్పించి, తేలాకే గడి నింపేవాడు. మగవారికి చతురస్రం, ఆడవారికి సున్న, పోయినవారి మీద ఏటవాలు గీత. పక్కన అవయవం, వయసు. 1966లో రెండు కుటుంబాల పటాలు అచ్చయ్యాయి. తర్వాత వార్తిన్ కాగితాలు ఆయనకే అందాయి; సోషల్ వర్కర్ యాన్ క్రష్‌తో కలిసి 1971లో కుటుంబం జి కథను కొనసాగించాడు.

పటం నిండాక తీరు బయటపడింది. తరం తప్పకుండా జబ్బు. తల్లి నుంచైనా తండ్రి నుంచైనా, పిల్లల్లో సుమారు సగానికి. నలభైల్లోనే, ఎక్కువగా పేగు కుడివైపున, ఆడవారికి గర్భాశయంలోనూ. క్యాన్సర్‌కు వంశంతో ఏం పని అనేవాళ్లే అప్పట్లో ఎక్కువ. పరిశోధనకు డబ్బు పుట్టడమూ కష్టమైంది.

1993లో ఎంఎస్‌హెచ్2, 1994లో ఎంఎల్‌హెచ్1 జన్యువులు దొరికాయి. కణం విడిపోయేటప్పుడు డీఎన్‌ఏ నకలులో పడే అచ్చుతప్పులను దిద్దే ప్రూఫ్‌రీడర్లు ఇవి. ఒక ప్రతి పుట్టుకతోనే చెడి, రెండోది ఏదో పేగు కణంలో పోతే తప్పులు పేరుకుంటాయి. కుటుంబం జిలోనూ ఎంఎస్‌హెచ్2 లోపమే తేలింది. పటం చెప్పినదానికి జన్యువు సాక్ష్యం పలికింది!

ఈ పద్ధతికీ హద్దుంది. ఇద్దరు పిల్లల సంసారాల్లో పటం పెద్దగా ఏమీ చెప్పదు. అందుకే ఇప్పుడు గడ్డ ముక్కలోనే ఈ జన్యువులు తయారుచేసే ప్రొటీన్లు ఉన్నాయో లేవో చూస్తారు. లోపం ఉన్నవారికి ఏడాదికో రెండేళ్లకో కొలనోస్కోపీ చేసి, పాలిప్స్ ముదరకముందే తీసేస్తారు. అయినా పటానికి పని పోలేదు. అందులో రక్తసంబంధీకుల పెళ్లికి జంట గీత గీస్తారు. మేనరికాలున్న మన ఇళ్లలో దాన్ని మరింత జాగ్రత్తగా చూడాలి: దంపతులిద్దరూ ఒకే లోపాన్ని మోస్తూ, అది రెండువైపుల నుంచీ బిడ్డకు చేరితే, క్యాన్సర్ పసితనంలోనే రావచ్చు.