బొంత కుట్టువారి పాత ప్రశ్నలు

దేవరకొండ పరిసర గ్రామములలో, పొలము పనులు సన్నగిల్లిన వేసవి మధ్యాహ్నమున స్త్రీలు అరుగుపై బొంత పరచి, చుట్టును కూర్చుండి కుట్టుచుండగా, క్రొత్తగా సూది చేతబట్టిన పిల్ల అడుగు ప్రశ్నలు ఆమె తల్లి అడిగినవే, తల్లికి తల్లి అడిగినవే: లోపల ఏ గుడ్డ పరవవలెను? వరుసల నడుమ ఎంత ఎడముంచవలెను? సూది మొదట ఎచ్చట దింపవలెను? నేడు పట్టణములలో ఈ కుట్టును అభిరుచిగా అభ్యసించు విద్యావంతులైన స్త్రీలు సైతము వీనితోనే ఆరంభించుచున్నారు. చెప్పినదే చెప్పవలసి వచ్చెనని అనుభవజ్ఞులలో కొందరు విసుగుకొనుచున్నారు. ఆ విసుగు అన్యాయమనియు, పాత ప్రశ్నను మరల విచారించుటవలననే ఈ విద్య జీవించి యున్నదనియు నా దృఢాభిప్రాయము.

“అవ్వా, లోపట ఏం బెట్టాలె?” అని పిల్ల అడుగును. “పాత చీరె బెట్టు బిడ్డా” అని అవ్వ చెప్పును. ఒకప్పుడు ఈ ఉత్తరము సంపూర్ణము. ఏలయన పుట్టపాక, పోచంపల్లి, నారాయణపేట మగ్గముల నడుమనున్న ఈ మెట్టసీమలో సామాన్యుల యింట పాత చీర యనగా నూలు చీరయే. అనేక పర్యాయములు ఉతుకబడి, కుంచించుకొనవలసినంత కుంచించుకొని, గంజి వదలి, రంగు కారుట మాని, మెత్తబడి, చెమటను పీల్చుకొను గుణమును మాత్రము కోల్పోక నిలిచిన ఆ వస్త్రము పసిబిడ్డ క్రింద పరచుటకును, ముదుసలికి కప్పుటకును సమానముగా తగియుండెను. ఈ కారణములన్నియు ‘పాత’ అను ఒక్కమాటలో అడగియుండుటచే వానిని విడమరచి చెప్పు అవసరము ఎవరికిని కలుగలేదు. పిదప పాలియెస్టరు చీర యింటింటికి వచ్చినది. అదియు కాలక్రమమున పాతబడినది. దానిని లోపల పెట్టిన బొంతలో పొరలు ఒకదానిపై నొకటి జారును, చెమట ఇంకదు, మే నెల ఉక్కలో దానిపై మేను వాల్చుట దుస్సహము. పాత ప్రశ్నను మరల అడిగినప్పుడే, మేలైనది గుడ్డ వయస్సు కాదనియు, నూలుతనమును అది తిన్న ఉతుకులును అనియు తేటపడినది. నాకు ఈ విద్యలో మిక్కిలి ప్రియమైన పాఠమిది.

సూది ఎచ్చట దింపవలెనను దానికి ఉత్తరము ఒక్కటి కాదు. పై అతుకులన్నియు ముందుగా కలిపి, అడుగు పొరలపై పరచి కుట్టువారు నడుమనుండి వెలుపలికి పోవుట మేలు. ముడుతలు అంచులకు జరిగి విడిపోవును. కాని కర్ణాటకమున ఉత్తర కన్నడ జిల్లాలో నివసించు, ఆఫ్రికా సంతతివారైన సిద్ది స్త్రీలు కుట్టు ‘కవంది’ బొంతయందు పద్ధతి తలక్రిందులు: మూలయందు ఆరంభించి, అంచువెంబడి చుట్టుచు మధ్యమునకు చేరుదురు. అయినను ముడుత పడదు. ఏలయన వారు అతుకులను ముందుగా కలుపక, ఒక్కొక్కటిగా పెట్టి, అంచు మడచి, చేతితో సవరించుచు కుట్టుకొని పోవుదురు. రెండును నిర్దుష్టమార్గములే. ఏది యెప్పుడు తగునో, “ఇట్లేల?” అని మరల అడిగినవారికి తెలియును.

ఎడమును గూర్చి చెప్పవలసినది స్వల్పము. వరుసలు దూరమైనచో ఉతుకునప్పుడు లోపలి గుడ్డ జారి ముద్దగట్టును. మరీ దగ్గరైనచో బొంత బిరుసెక్కును, జీర్ణవస్త్రము సూదిపోట్లకు చినుగును.

పాతదానినే మరల విచారించుట వ్యర్థము కాదనుటకు దూరదేశపు దృష్టాంతమొకటి కలదు. అమెరికాలో అలబామా నది వంపున నున్న జీస్ బెండ్ అను పల్లెలో, బానిసల సంతతివారైన నల్లజాతి స్త్రీలు చినిగిన పనిదుస్తులతో తరతరములుగా బొంతలు కుట్టిరి. నడిమి చదరము చుట్టు పట్టెలు పేర్చుకొని పోవు ‘హౌస్‌టాప్’ అను కూర్పునే తల్లియు కుట్టెను, కూతురును కుట్టెను, మనుమరాలును కుట్టెను. ఏ రెండును ఒక్కటిగా లేవు. 2002లో హ్యూస్టన్ నగరపు లలితకళా సంగ్రహాలయమున వానిని గోడలకు తగిలించి ప్రదర్శింపగా లోకము వానిని కళాఖండములని గుర్తించినది. ఒకే ప్రశ్నకు ప్రతి తరమును తన చేతితో ఉత్తరము వెదకుకొనిన ఫలమే అదియని నేను తలంతును.

కావున, చేయి తిరిగిన అవ్వలారా, అక్కలారా, క్రొత్తవారు అడిగినప్పుడు “మొన్ననే చెప్పితిమి గదా” అనకుడు. బొంతను తిరగవేసి వెనుక కుట్టు చూపుడు. ఏ గుడ్డ చినిగినదో, ఏది నిలిచినదో వారిని తడవి చూడనిండు. నేర్చుకొనగోరు వారికి నా మనవి ఒక్కటి: ఇంటిలో మెత్తబడిన నూలు చీరలుండినయెడల, వానిని స్టీలు గిన్నెలకు మారకము వేయక మునుపు, పెద్దలొకరి సరస కూర్చుండి లోపల ఏమి పెట్టవలెనో అడుగుడు. ఉత్తరము తెలిసియున్నను అడుగుడు.