దుంపలోని కథ: డ్యూమా ‘నల్ల ట్యూలిప్’

వసంతమున ఆమ్‌స్టర్‌డామ్ నుండి విహారనౌకలలో బయలుదేరు యాత్రికులలో పెక్కుమంది లిస్సేలోని క్యూకెన్‌హాఫ్ తోటను చూతురు. 1950లో ప్రజలకు తెరవబడిన ఆ తోటలో ఏటేట 70 లక్షల దుంపలు నాటుదురు. యాత్రారచనలు సాధారణముగా ఆ రంగుల వర్ణనతోనే తృప్తిపడును. కాని చుట్టుపట్ల పొలములలో రైతు విరిసిన పూల తలలను కోసివేయును. మొక్క సత్తువ దుంపకు చేరవలెను గదా! అతని పంట పూవు కాదు, దుంప. ఓడపై నిలిచి చూచువానికి ఇది తెలియదు.

అలెగ్జాండర్ డ్యూమాకు తెలియును. 1850లో వెలువడిన ‘నల్ల ట్యూలిప్’ నవల, 1672లో హేగ్ నగరమున డివిట్ సోదరులను జనసమూహము చంపిన ఘోరముతో మొదలగును. ఆ రాజకీయమున చిక్కిన కోర్నేలియస్ మూడు పిల్లదుంపలను రొమ్మున దాచుకొని చెరకేగును. వాల్, మ్యూజ్ నదుల సంగమమున ఉన్న లోవెస్టెయిన్ కోటలో, కావలివాని కూతురు రోజా అతని చేతులకు బదులుగా దుంపను కుండలో పెంచును. అతడామెకు చదువు నేర్పును. నవలకు ప్రాణము ఈ ఘట్టమే. నదీశోభ గూర్చి రచయిత దాదాపు మౌనమే వహించినను లోటు తోచదు.

పిల్లుల కాళ్లు జతగట్టి పొరుగు తోటలోనికి విసరు బాక్స్‌టెల్ మాత్రము వట్టి కీలుబొమ్మ. హార్లెమ్‌లో పూవునకు ఇరువురి పేర్లును కలిపి పెట్టుట న్యాయమే. ఐనను తొలి ప్రకరణములలో హత్యను చూచుచు ఊరకున్న విలియమ్ యువరాజే తుదకు లక్ష ఫ్లోరిన్ల బహుమతినిచ్చి ధర్మకర్తయగుట చదువరికి మ్రింగుడుపడదు.